అబ్దుల్ రహమాన్ గారిని 'అబ్దుల్' అని పిలవొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీ టీమ్‌లో అబ్దుల్ రహమాన్ అనే సహోద్యోగి ఉన్నారు. చేరిన రోజు నుంచీ అందరూ ఆయన్ని 'అబ్దుల్' అనే పిలుస్తున్నారు. మొన్న వేరే టీమ్ నుంచి వచ్చినాయన ఒకరు "అలా పిలవకూడదు, తప్పు" అనేసరికి మీకు టెన్షన్ పట్టుకుంది. పైగా ఆయనకి ఈమధ్యే కొడుకు పుట్టాడు, అబ్దుస్ సమద్ అని పేరు పెట్టారు. అందరూ కలిసి బాబు పేరు చెక్కించిన వెండి గ్లాసు ఇద్దామనుకుని, దాని మీద ఏ మాట రాయించాలో తెలియక ఆగిపోయారు. అబ్దుల్, అబ్దుస్, అబ్దుల్లా, అబుల్ ఇవన్నీ ఒకటేనా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. 'అబ్దుల్' పూర్తి పేరు కాదు, సగం పేరు. 'ఫలానా వారి దాసుడు' అనే మాటలో 'దాసుడు' వరకే అది. ఎవరి దాసుడో చెప్పే మాట తర్వాత వస్తుంది. అబ్దుల్ రహమాన్ అంటే రహమాన్‌కి, అంటే అపార కరుణ గల దేవుడికి దాసుడు. వట్టి 'అబ్దుల్' అని పిలిస్తే తిట్టినట్టేమీ కాదు. మన దేశంలో ఎన్నో ఇళ్లలో సొంతవాళ్లే అలా పిలుచుకుంటారు. కానీ రెండు మాటలూ కలిపి పిలవడం మేలు. అంతకన్నా మేలు, "మిమ్మల్ని ఏమని పిలిస్తే బాగుంటుంది?" అని ఆయన్నే అడగడం.

మాది కడప. చాలా ఏళ్లు అరబ్బీ, ఉర్దూ చెప్పాను. ఇప్పుడు గల్ఫ్ వెళ్లేవాళ్ల బర్త్ సర్టిఫికెట్లు, నిఖానామాలు (ముస్లింల పెళ్లి పత్రాలు), చదువుల కాగితాలు అరబ్బీలోకి అనువాదం చేస్తున్నాను. నా టేబుల్ మీదికి వచ్చే కాగితాల్లో అన్నిటికన్నా ఎక్కువ చిక్కులు తెచ్చే మాట ఈ 'అబ్దుల్'. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

అరబ్బీలో 'అబ్ద్' అంటే దాసుడు, సేవకుడు, బానిస. ఆరాధనకి వాడే 'ఇబాదత్' అనే మాట, 'ఆబిద్' అనే పేరు అదే ధాతువు నుంచి పుట్టినవి. 'అల్' అనేది నామవాచకం ముందు చేరే చిన్న మాట, ఇంగ్లీషులో 'ది' లాగా. అరబ్బీ లిపిలో 'అబ్ద్' ఒక మాటగా, 'అల్ రహ్మాన్' ఇంకో మాటగా రాస్తారు. చదివేటప్పుడు కలిపి చదువుతారు. అంటే 'అబ్దుల్' చివరనున్న 'ల్' అబ్ద్‌ది కాదు, తర్వాతి మాటది. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లోకి వచ్చేటప్పుడు అది ముందుకు జరిగి అబ్ద్‌కి అతుక్కుపోయింది. గందరగోళమంతా అక్కడే మొదలైంది. అరబ్బు దేశంలో ఎవరితోనైనా "నా పేరు అబ్దుల్" అంటే, మిగతా సగం ఎప్పుడు చెప్తారా అని మీ మొహం వంక చూస్తారు.

మరి అబ్దుర్, అబ్దుస్ ఎక్కడివి? అరబ్బీలో 28 అక్షరాలున్నాయి. అందులో 14 అక్షరాలని సూర్యాక్షరాలు అంటారు. వాటి ముందు 'అల్' వస్తే 'ల్' పలకదు, ఆ అక్షరమే ఒత్తు పడుతుంది. అందుకే రహమాన్ ముందు అబ్దుర్, సమద్, సలాం, సత్తార్ ముందు అబ్దుస్ అవుతుంది. కరీం, ఖాదర్, అజీజ్, గఫూర్ ముందు మామూలుగా అబ్దుల్. కాబట్టి అబ్దుల్ రహమాన్, అబ్దుర్ రహమాన్, అబ్దుర్రహ్మాన్ మూడూ ఒకే పేరు. అబ్దుల్లా సంగతి వేరు. అబ్ద్, అల్లాహ్ కలిసిన మాట అది. అక్కడ దాసుడూ, దేవుడూ ఇద్దరూ ఉన్నారు కాబట్టి అది పూర్తి పేరే, నిశ్చింతగా అలాగే పిలవొచ్చు.

ఇందులోని భావం తెలుగువాళ్లకి కొత్తదేం కాదు. భద్రాచలంలో గుడి కట్టించిన కంచర్ల గోపన్న మనకి రామదాసుగానే గుర్తు. రాముడి దాసుడు కావడం ఆయనకి బిరుదు. అబ్దుర్రహ్మాన్ అని పేరు పెట్టే తల్లిదండ్రుల మనసులో ఉండేది కూడా సరిగ్గా అదే.

ఇస్లాం రాకముందు నుంచే అరబ్బుల్లో ఈ రకం పేర్లున్నాయి. అబ్ద్ షమ్స్ అంటే సూర్యుడి దాసుడు. అబ్దుల్ ఉజ్జా అంటే ఉజ్జా దేవత దాసుడు. ప్రవక్త ముహమ్మద్ గారి తాత పేరు అబ్దుల్ ముత్తలిబ్. ఇందులో ముత్తలిబ్ దేవుడు కాదు, మనిషే. సంప్రదాయ కథనం ప్రకారం ఆ తాతగారి అసలు పేరు షైబా. ఇప్పటి మదీనాలో, అప్పటి యస్రిబ్‌లో తల్లి దగ్గర పెరుగుతున్న ఆ పిల్లవాణ్ణి తండ్రి సోదరుడు ముత్తలిబ్ ఒంటె మీద తన వెనక కూర్చోబెట్టుకుని మక్కాకి తీసుకొచ్చాడు. చూసినవాళ్లు ముత్తలిబ్ కొత్తగా బానిసను కొనుక్కొచ్చాడనుకున్నారు. "కాదు, నా అన్న కొడుకు" అని ఆయన చెప్పినా, ముత్తలిబ్ బానిస అన్న పేరే నిలిచిపోయింది. ఆ షైబా కొడుకే ప్రవక్త తండ్రి, ఆయన పేరు అబ్దుల్లా.

ఇస్లాం వచ్చాక ఈ పద్ధతి పోలేదు. 'అబ్ద్' తర్వాత వచ్చే మాట మారింది. సూర్యుడికో, విగ్రహానికో, మనిషికో దాసుడు కాకూడదు, ఒక్క దేవుడికే దాసుడు కావాలి అన్నది నియమం. ప్రవక్త కొందరు అనుచరుల పేర్లు మార్చారు. వేల హదీసులు, అంటే ప్రవక్త మాటలూ చేతలూ తెలిపే కథనాలు, చెప్పిన అబూ హురైరా గారి పాత పేరు అబ్ద్ షమ్స్ అనీ, తర్వాత అబ్దుర్రహ్మాన్ అయిందనీ ప్రసిద్ధి. అల్లాహ్‌కి అన్నిటికన్నా ప్రియమైన పేర్లు అబ్దుల్లా, అబ్దుర్రహ్మాన్ అని సహీహ్ ముస్లిం అనే హదీసుల గ్రంథంలో ఉంది. మీ సహోద్యోగి తల్లిదండ్రులు ఆ పేరు ఎంచుకోవడానికి బహుశా అదే కారణం. ఖురాన్ 19వ సూరాలో, అంటే అధ్యాయంలో, ఊయలలోని పసివాడు ఈసా, అంటే క్రైస్తవుల యేసు, పలికే తొలి మాట "నేను అల్లాహ్ అబ్ద్‌ని" అనే. రోజూ నమాజులో ముహమ్మద్ గారిని తలుచుకునేటప్పుడు ముందు 'దేవుడి అబ్ద్' అనీ, ఆ తర్వాతే 'దేవుడి ప్రవక్త' అనీ అంటారు. ఆ మాటకి ఉన్న గౌరవం అంతటిది.

ఇక రహమాన్. ఈ మాటకీ, తల్లి గర్భం అనే అర్థమున్న 'రహిమ్' అనే మాటకీ ధాతువు ఒకటే. ఈ దైవనామానికి పెద్ద చరిత్రే ఉంది. ఇస్లాంకి ముందే, నేటి యెమెన్ ప్రాంతాన్ని ఏలిన హిమ్యర్ రాజ్యపు శాసనాల్లో ఒకే దేవుణ్ణి 'రహ్మానాన్' అని రాసుకున్నారు. మక్కావాళ్లకి మాత్రం ఆ పేరు అంతగా అలవాటు లేదు. 628లో హుదైబియా దగ్గర ముస్లింలకీ మక్కావాళ్లకీ సంధి కుదిరినప్పుడు, పత్రం మీద మొదట "అల్లాహ్, రహ్మాన్, రహీమ్ పేరుతో" అని రాయబోతే మక్కా తరఫున వచ్చిన సుహైల్ అడ్డుపడ్డాడు. రహ్మాన్ ఎవరో మాకు తెలియదు, పాత పద్ధతిలో "ఓ అల్లాహ్, నీ పేరుతో" అని రాయండి అన్నాడు. ప్రవక్త ఒప్పుకుని అలాగే రాయించారు. "అల్లాహ్ అని పిలవండి, రహ్మాన్ అని పిలవండి, ఎలా పిలిచినా మంచి పేర్లన్నీ ఆయనవే" అని ఖురాన్ 17వ సూరాలో ఉంది.

పిల్లలకి అరబ్బీ చెప్పేటప్పుడు జెరూసలేంలోని కుబ్బతుస్ సఖ్రా గురించి నేను తప్పకుండా చెప్పేవాణ్ణి. బంగారు గుమ్మటంతో మీరు ఫొటోల్లో చూసే కట్టడమే అది. కట్టించింది ఉమయ్యద్ వంశపు ఖలీఫా, అంటే ముస్లిం సామ్రాజ్య పాలకుడు, అబ్దుల్ మలిక్. లోపల ఆర్చీల వరస పైభాగాన మొజాయిక్‌లో పొడవాటి శాసనం ఉంటుంది. తర్వాత ఒకటిన్నర శతాబ్దం లోపే ఉమయ్యద్‌ల తర్వాత వచ్చిన అబ్బాసీ వంశపు ఖలీఫా మామూన్ కాలంలో ఆ శాసనంలో కట్టించినవారి పేరు తీసేసి మామూన్ పేరు ఇరికించారు. సంవత్సరం మార్చడం మాత్రం మరిచారు. అక్కడ ఇప్పటికీ హిజ్రీ (ఇస్లామీయ శకం) 72 అనే ఉంది, అంటే 691-92. మామూన్ అప్పటికి పుట్టనేలేదు. ఇంకో విశేషం, పాత శాసనంలో ఖలీఫా పేరుకి ముందు బిరుదుగా 'అబ్దుల్లా' అని ఉండేది. మామూన్ సొంత పేరు కూడా అబ్దుల్లాయే. పేరు మార్చిన చోట టైల్స్ రంగు కాస్త తేడాగా, అక్షరాలు ఇరుగ్గా కనిపిస్తాయి. ఉమయ్యద్ వంశాన్నే తీసుకుంటే, 750లో ఆ వంశం మీద అబ్బాసీలు జరిపిన ఊచకోత నుంచి తప్పించుకుని ఉత్తర ఆఫ్రికా మీదుగా పారిపోయి 756లో స్పెయిన్‌లోని కార్డోబాలో రాజ్యం స్థాపించిన యువకుడి పేరు అబ్దుర్రహ్మాన్. కార్డోబా పెద్ద మసీదు మొదలుపెట్టింది ఆయనే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. తెలుగు నేల మీద అన్నిటికన్నా ఎక్కువగా పాతుకుపోయిన 'అబ్ద్' పేరు ఏదంటే అబ్దుల్ ఖాదిర్ అని చెప్తాను. కానీ ఆ రూపంలో మీకు తక్కువ కనిపిస్తుంది. ఇరాన్‌లోని గీలాన్‌లో పుట్టి, బాగ్దాద్‌లో బోధించి, 1166లో అక్కడే కన్నుమూసిన సూఫీ మహనీయుడు అబ్దుల్ ఖాదిర్ జీలానీ. ఖాదిర్ అంటే సర్వశక్తిమంతుడు. ఆయన మీద భక్తి దక్కన్ అంతటా వ్యాపించింది. మన ఊళ్లలో ఖాదర్ బాషా, ఖాదర్ వలి ఆయన పేరే. జిలానీ ఆయన పుట్టిన గీలాన్ ప్రాంతాన్ని బట్టి వచ్చిన పేరు. గౌస్ ఆయన బిరుదు. మొహిద్దీన్ అని మనం పలికేది ఆయన మరో బిరుదు ముహియుద్దీన్, ధర్మాన్ని బతికించినవాడు అని. మహబూబ్ సుభానీ కూడా ఆయనే. చేయి పట్టుకుని నడిపించేవాడు అనే అర్థంలో పారశీకంలో 'దస్తగీర్' అన్నారు, అదే మన దస్తగిరి. రాయలసీమలో దస్తగిరి లేని ఊరు దొరకడం కష్టం. హిందూ కుటుంబాల్లో కూడా మొక్కుకుని పుట్టిన బిడ్డకి దస్తగిరి, దస్తగిరమ్మ అని పెట్టుకుంటారు.

నా దగ్గరికి ఒకసారి నలుగురు అన్నదమ్ముల కాగితాలు వచ్చాయి. ఖాదర్, గౌస్, జిలాని, దస్తగిరి. "పేర్లలో పొంతన లేదు, ఒకే ఇంటి పిల్లలని నమ్ముతారా సార్?" అని వాళ్ల నాన్న బెంగపడ్డాడు. నలుగురికీ ఒకే మహానుభావుడి పేరు పెట్టారని చెబితే ఆయన కళ్లు చెమర్చాయి. ఆయనకి అది తెలియదు. వాళ్ల నాయనమ్మ పెట్టిన పేర్లవి, ఏటా ఇంట్లో గ్యార్మీ చేసేదట. గ్యార్మీ అంటే జీలానీ గారిని తలుచుకునే పదకొండో రోజు. కోస్తాలో నాగూర్ బాషా, నాగూర్ వలి, నాగూర్ మీరా అనే పేర్లు వింటుంటారు కదా, అవి తమిళనాడు నాగూరులో సమాధి ఉన్న షాహుల్ హమీద్ గారి మీద భక్తితో పెట్టేవి. ఆయన పేరులో కూడా అబ్దుల్ ఖాదిర్ ఉంది. కర్నూలులో హంద్రీ ఒడ్డున ఉన్న గోల్ గుమ్మజ్ ఎవరిదంటే బీజాపూర్ కాలంలో కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్‌ది. వహాబ్ అంటే అడగకుండానే ఇచ్చేవాడు.

అబుల్ వేరు, అబ్దుల్ వేరు. ఇది చాలామంది పొరబడే చోటు. 'అబూ' అంటే తండ్రి. అబుల్ హసన్ అంటే హసన్ తండ్రి. గోపన్న కాలంలో గోల్కొండను ముందు అబ్దుల్లా కుతుబ్ షా ఏలాడు, 1626 నుంచి 1672 దాకా. తర్వాత ఆయన అల్లుడు అబుల్ హసన్ వచ్చాడు, మన కథల్లోని తానీషా. మామ పేరులో దాసుడు, అల్లుడి పేరులో తండ్రి. అలాగే మన మొదటి విద్యాశాఖ మంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్. కలాం అంటే మాట, వాక్కు. అబుల్ కలాం అంటే వాక్కుకి తండ్రి, గొప్ప వక్త. నవంబర్ 11న విద్యా దినోత్సవం బ్యానర్ల మీద ఆయన్ని 'అబ్దుల్ కలాం ఆజాద్' అని రాయడం చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు వేరు. వారి పూర్తి పేరు అవుల్ పకీర్ జైనులాబ్దీన్ అబ్దుల్ కలాం. జైనులాబ్దీన్ తండ్రిగారి పేరు, దాని అసలు రూపం జైనుల్ ఆబిదీన్, ఆరాధకులకి అలంకారం వంటివాడు అని. చూశారా, ఆ ఒక్క పేరులో 'అబ్ద్' ధాతువు రెండుసార్లు వచ్చింది.

'అబ్దుల్' వద్దంటే పోనీ 'రహమాన్' అని పిలవొచ్చా? మన దగ్గర అందరూ రహమాన్ భాయ్, రజాక్ సాబ్, సత్తార్ మామ అనే పిలుస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ మతం బాగా పాటించే కొందరికి ఇది ఇబ్బందిగా ఉంటుంది, కారణం ఉంది. దైవనామాల్లో రెండు రకాలని పండితులు చెప్తారు. రహమాన్, ఖాలిఖ్, రజాక్, సమద్ లాంటివి దేవుడికి మాత్రమే చెల్లే పేర్లు. కరీం, రహీం, రవూఫ్, హకీం లాంటివి మనుషుల గుణాలుగా కూడా చెప్పుకోవచ్చు. ఖురాన్‌లోనే 9వ సూరా చివర ప్రవక్తని రవూఫ్, రహీం అన్నారు. కాబట్టి అబ్దుల్ కరీంని కరీం అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. అబ్దుల్ ఖాలిఖ్‌ని 'ఖాలిఖ్', అంటే సృష్టికర్త అని కేకేస్తే కొన్ని ఇళ్లలో పెద్దలు సరిదిద్దుతారు. మీ టీమ్‌కి వచ్చినాయన బహుశా విన్నది ఇదే అయ్యుండాలి, తిరగేసి చెప్పినట్టున్నారు.

అరబ్బులు మాత్రం రోజూ ఇంత పొడుగు పేరు పిలుస్తారా అని అనుమానం రావచ్చు. వాళ్లకీ ముద్దు పేర్లున్నాయి. గల్ఫ్‌లో అబ్దుల్ అజీజ్‌ని అజ్జూజ్ అంటారు. అల్జీరియాలో అబ్దుర్రహ్మాన్‌ని దహ్మాన్, అబ్దుల్ ఖాదిర్‌ని కద్దూర్ అంటారు. అబ్దూ, అబ్బూద్ చాలాచోట్ల వినిపిస్తాయి. సెనెగల్ వెళ్తే అదే అబ్దు, అబ్దులాయ్. ఇద్దరు దేశాధ్యక్షులకి ఆ పేర్లున్నాయి, అబ్దు దియూఫ్, అబ్దులాయ్ వాద్. గల్ఫ్‌లో పనిచేసే తెలుగువాళ్లకి ఒక జాగ్రత్త చెప్పాలి. నల్లజాతి మనిషిని ఉద్దేశించి వట్టి 'అబ్ద్' అనడం అక్కడ చాలా నీచమైన తిట్టు. ఎవరైనా అన్నా మీరు నవ్వకండి, ఆ మాట నోట రానివ్వకండి.

ఇది ఒక్క ముస్లింల సొత్తు అనుకోవద్దు. అరబ్బు క్రైస్తవుల్లో అబ్దుల్ మసీహ్ ఉంది, క్రీస్తు దాసుడు అని. వాళ్లలో అబ్దుల్లాలు కూడా ఉన్నారు. తెలుగు బైబిల్ చదివేవాళ్లకి ఓబద్యా గ్రంథం తెలుసు. హీబ్రూలో ఆ పేరుకి అర్థం యెహోవా దాసుడు. దానియేలు గ్రంథంలో అగ్నిగుండంలో పడవేయబడిన ముగ్గురిలో అబేద్నెగో పేరులోనూ అదే 'అబేద్'. ఆడపిల్లలకైతే 'అబ్ద్' బదులు 'అమత్' వస్తుంది. హైదరాబాద్ పాత కుటుంబాల్లో అమతుల్ కరీం, అమతుల్ అజీజ్ లాంటి పేర్లు బాగా ఉన్నాయి, పలకడంలో అమ్తుల్ అయిపోతుంది. బెంగాల్‌లోని నోవాఖాలీలో శాంతి కోసం నిరాహారదీక్ష చేసిన గాంధీగారి శిష్యురాలు బీబీ అమ్తుస్ సలాం పేరు అదే కోవ.

అసలు చిక్కంతా కాగితాల దగ్గర. రాయచోటి నుంచి వచ్చిన ఒక కుర్రాడి కాగితాలు చెప్తాను. పదో తరగతి సర్టిఫికెట్‌లో 'షేక్ అబ్దుల్ రహమాన్'. డిగ్రీలో 'ఎస్‌కే అబ్దుల్'. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో 'రహమాన్', సొంత పేరు గడిలో 'షేక్ అబ్దుల్'. నిఖానామాలో ఉర్దూలో చక్కగా అబ్దుర్రహ్మాన్. భార్యకి వీసా పెట్టేసరికి, నిఖానామాలో ఉన్న మనిషీ పాస్‌పోర్టులో ఉన్న మనిషీ ఒకరేనని రుజువు చేయమన్నారు. అరబ్బు ఆఫీసర్ కళ్లతో చూడండి. 'షేక్ అబ్దుల్' అంటే 'పెద్దాయన, దాసుడు' అని అక్కడితో ఆగిపోయిన మాట. 'రహమాన్' అంటే దేవుడు, అది ఒక మనిషికి ఇంటిపేరుగా ఉంది. ఆయనకి తలా తోకా దొరకలేదు. అఫిడవిట్, అనువాదం, మళ్లీ అటెస్టేషన్, ఇలా నెలలు గడిచిపోయాయి.

అందుకే పిల్లలకి ఈ పేర్లు పెట్టే ప్రతి తల్లికీ తండ్రికీ చెప్తుంటాను. బర్త్ సర్టిఫికెట్ నుంచి పాస్‌పోర్టు దాకా రెండు మాటలూ ఒకే గడిలో, సొంత పేరు గడిలోనే ఉండాలి. షేక్, సయ్యద్, పఠాన్ లాంటివి ఇంటిపేరు గడిలో పెట్టుకోండి. గల్ఫ్‌లో అక్కడివాళ్లు అబ్దుల్‌రహ్మాన్ అని ఒకే మాటగా రాసుకుంటారు, మీరూ అలా రాయించుకుంటే విడిపోయే ప్రమాదమే లేదు. రహమాన్, రెహమాన్, రహిమాన్ స్పెల్లింగుల్లో ఏదో ఒకటి మొదట్లోనే ఖాయం చేసుకుని దాన్నే అన్నిచోట్లా రాయించండి. ఇంటిపేరు గడి ఖాళీగా వదలకండి. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్లకి విజిట్ వీసా మీద ప్రవేశం ఉండదని 2022 నవంబర్‌లో యూఏఈ చెప్పినప్పుడు ఎంతమంది పరుగులు పెట్టారో నేను చూశాను. రెండో పేజీలో తండ్రి పేరు ఉంటే చాలని తర్వాత వివరణ ఇచ్చారు గానీ, ఎయిర్‌పోర్టులో నిలబడి ఆ వివరణ చూపించుకునే పరిస్థితి ఎందుకు?

పెద్దవాళ్లకీ ఈ ఇబ్బంది తప్పలేదు. 1979లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న అబ్దుస్ సలాం గారి పేరు మొత్తం ఆ రెండు మాటలే, రెండూ కలిస్తేనే పేరు. ప్రపంచం దాన్ని అబ్దుస్ పేరుగా, సలాం ఇంటిపేరుగా విడగొట్టుకుంది. 1971లో పేరు మార్చుకున్న అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు కరీం అబ్దుల్-జబ్బార్ మాత్రం మధ్యలో చిన్న గీత పెట్టుకున్నాడు. ఆ గీత వల్ల రెండు మాటలూ ఒకే పేరని చూడగానే తెలుస్తుంది. మీ ఆఫీసు ఈమెయిల్ ఐడీలో మీ సహోద్యోగి పేరు 'అబ్దుల్ డాట్ రహమాన్' అని ఉంటే, మార్పించుకుంటారేమో ఆయన్ని ఒకసారి అడిగి చూడండి. చాలామంది మొహమాటానికి అడగరు.

ఇక బాబు కానుక సంగతి. సమద్ అంటే అందరికీ ఆధారమై, తాను ఎవరి మీదా ఆధారపడనివాడు. ఖురాన్ మొత్తంలో ఈ మాట ఒక్కచోటే ఉంది, 112వ సూరాలో. ముస్లిం పిల్లలు మొట్టమొదట నేర్చుకునే చిన్న సూరాల్లో అదొకటి. కాబట్టి రాయిస్తే 'అబ్దుస్ సమద్' అని పూర్తిగా రాయించండి. వట్టి 'అబ్దుస్' వద్దు, వట్టి 'సమద్' కూడా వద్దు. అబ్దుస్ అని పెట్టారో, అబ్దుల్ అని పెట్టారో బర్త్ సర్టిఫికెట్‌లో ఉన్న స్పెల్లింగ్ వాళ్లింట్లో కనుక్కుని అదే వాడండి. ముచ్చటపడి అరబ్బీ అక్షరాల్లో కూడా రాయిద్దామనుకుంటే, డిజైన్ అయ్యాక చెక్కే ముందు ఆ భాష వచ్చినవాళ్లకి చూపించండి. షాపుల్లో కంప్యూటర్ సరిగా సెట్ చేయకపోతే అక్షరాలు కలవకుండా విడివిడిగా, ఎడమ నుంచి కుడికి తిరగబడి వస్తాయి. అలా చెక్కిన ఫలకాలు గోడల మీద నేను చాలానే చూశాను.

వెండి గ్లాసు మాత్రం మానుకోండి. బంగారు, వెండి పాత్రల్లో తినడం, తాగడం వద్దని హదీసుల్లో స్పష్టంగా ఉంది. మన పద్ధతిలో అది మంచి కానుకే అయినా, వాళ్లింట్లో బాబుకి దాంతో పాలు పట్టలేరు. పేరు చెక్కించిన చెక్క ఫ్రేమ్ ఇవ్వండి, లేదా గ్లాసుకి పెట్టాలనుకున్న డబ్బుతో బాబుకి మంచి దుప్పటి, బట్టలు కొనండి. ఏడో రోజున అఖీఖా, అంటే బిడ్డ పుట్టినందుకు చేసే వేడుక, చేసి జుట్టు తీయించి, ఆ జుట్టు ఎత్తు వెండి విలువను పేదలకి దానం చేసే ఆచారం ఉంది. మిమ్మల్ని దానికి పిలిస్తే తప్పకుండా వెళ్లండి, ఫ్రేమ్ ఆ రోజే ఇవ్వొచ్చు.